చదువుకు ముందు చదువు

డిగ్రీ చేతికి రాగానే పై చదువుకి దరఖాస్తు పడెయ్యాలి. మధ్యలో ఓ ఏడాది ఆగితే పిల్ల వెనకబడిపోయినట్టే! ఇదీ మన బెజవాడ అమ్మల బెంగ. ప్రజారోగ్యంలో పీజీ చేద్దామనుకుంటున్న మా మేనకోడలు, "అత్తయ్యా, ముందు ఓ ఏడాది దివిసీమ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలతో తిరుగుతాను" అనగానే మా వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎండలో తిరగడం కూడా చదువేనా?" అని నన్నే నిలదీసింది. నేను యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ ఎత్తుకున్నాను.

మన ఊళ్లో రైలెక్కి గుడివాడ మీదుగా వెళితే వస్తుందే, ఆ భీమవరంలో 1895లో పుట్టారాయన. అన్నదమ్ములిద్దరిని గ్రహణి జబ్బు తీసుకుపోయింది. తనకీ వస్తే, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం బతికించింది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పెద్ద డిగ్రీ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఆయన ఊరికే కూర్చోలేదండీ. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో శరీరశాస్త్రం చెప్పారు. ఆ తర్వాతే, మామగారి సాయంతో, హార్వర్డులో ఉష్ణదేశాల జబ్బుల చదువుకి వెళ్లారు. అక్కడ పొట్టకోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కూడా కడిగారు.

ఫలితం మనందరికీ తెలిసిందే. 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌ని ఇవాళ ప్రతి గర్భిణీ మింగుతోంది. 1947లో బోదకాలు జబ్బుకి మందొచ్చింది. డెల్టావాళ్లకి ఆ జబ్బు గురించి వేరే చెప్పాలా? 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట కాలువలు మనకి అన్నం పెట్టాయి, నిజమే. కాని నీరు నిలిచిన మురుగులో దోమలూ పెరిగాయి. 2004 నుంచి ఆ మందునే మన దేశంలో ఇంటింటికీ పంచడం మొదలుపెట్టారు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. "నాకు జబ్బే లేదు, మాత్రెందుకమ్మా?" అంటుంది గుమ్మంలో ఇల్లాలు. కాలు వాచకముందే ఒంట్లో పురుగులుండొచ్చు. వాటి పిల్లలు రాత్రిపూటే రక్తంలో బయటి నాళాల్లోకి వస్తాయి. అందుకే రక్తపరీక్షకి ఆరోగ్య సిబ్బంది రాత్రిళ్లు వస్తారు. ఈ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యం. నిద్రమత్తులో ఉన్న ముసలమ్మను ఒప్పించి వేలు పొడిపించడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పదు.

విశ్వవిద్యాలయం వాళ్లు "ఈ చదువే ఎందుకు?" అని అడిగితే, ఆ అరుగుల మీద నిలబడి వచ్చిన పిల్లకి జవాబు వెతుక్కునే పనుండదు. కాబట్టి మీ ఇంట్లోనూ అలాంటి అమ్మాయి ఉంటే ఏడాది వృథా అని దిగులుపడకండి. ఓ గొడుగూ, ఓ టార్చిలైటూ చేతికిచ్చి పంపండి. ఏ గుమ్మంలో ఎవరేమడిగారో సాయంత్రం వచ్చాక రాసుకోమని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.