చక్రం చుట్టూ తిరిగేవాళ్లు లేకపోతే

అమెరికా, కెనడా పార్కుల్లో నేలమీద రంగులతో పెద్ద చక్రం వేసి, అందులో మెలికల దారి పెడుతున్న వీడియోలు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. దాన్ని మెడిసిన్ వీల్ లాబిరింత్ అంటున్నారు. లాబిరింత్ గ్రీసు వైపు మాట. మెడిసిన్ వీల్ మాత్రం అక్కడి ఆదివాసీలది. మెడిసిన్ అంటే ఇక్కడ మాత్రలు కాదండీ, పవిత్రమైన శక్తి అని. రెండూ కలిపి పెయింట్ చేయడం ఈమధ్య అలవాటు.

అసలు చక్రం చూడాలంటే వయోమింగ్ రాష్ట్రంలో బిగ్‌హార్న్ కొండలెక్కాలి. దాదాపు 2,900 మీటర్ల ఎత్తున, రాళ్లు పేర్చి చేసింది. బండిచక్రానికి ఆకులుంటాయే, అలా 28 రాళ్ల వరసలు. వచ్చినవాళ్లని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టూ నడవమంటారు.

ఎక్కడో విన్నట్టుంది కదా? మన ప్రదక్షిణం. అలాగని "మనవాళ్లే అక్కడికెళ్లి నేర్పారు" అని వాట్సాప్‌లో పెట్టేయకండి బాబూ! ఆ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు.

ఇప్పుడు మన అమృతలూరు వైపు వద్దాం. పక్కనే భట్టిప్రోలు, కృష్ణ దాటితే ఘంటసాల. 1892 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఈ రెండుచోట్లా స్తూపాలు తవ్వించాడు. ఘంటసాలలో ఏం బయటపడిందంటే, మధ్యలో చదరపు ఇటుక కట్టు, చుట్టూ గుండ్రటి గోడలు, వాటిని కలుపుతూ ఆకుల్లాగా అడ్డగోడలు. అచ్చంగా చక్రం! ఇందులో ఇంజనీరింగ్ కూడా ఉంది. గోడల మధ్య గదుల్లో మట్టి నింపేస్తే అంత ఇటుక అక్కర్లేదు. కానీ నాకు నచ్చింది ఇంకోటి. పైన గుమ్మటం కట్టేశాక ఆ చక్రం ఎవరికీ కనపడదు. కనపడని చక్రం చుట్టూ జనం తిరిగారు. పార్కులో వేసేదేమో డ్రోన్‌కి కనపడటానికి.

భట్టిప్రోలు స్తూపం అడుగున దాదాపు 148 అడుగుల వెడల్పు, చుట్టూ ఎనిమిది అడుగుల నడకదారి. తర్వాత తిరిగేవాళ్లు పోయారు. అది మట్టిదిబ్బ అయింది. ఊళ్లో దాన్ని లంజదిబ్బ అనేవాళ్లు. చెప్పడానికి ఇబ్బందే, కానీ రికార్డుల్లో ఉన్న పేరే అది. బుద్ధుడి ధాతువులున్న చోటికి ఆ పేరు! ఇక కాలవలు, రోడ్లు వేసే రోజులొచ్చాయి. ఇటుకలు రోడ్డుకి పోయాయి, పాలరాళ్లు వెల్లటూరు దగ్గర కాలవ తూముకి పోయాయి. రే వచ్చేటప్పటికే చాలావరకు అయిపోయింది. అయినా లోపల రాతి పెట్టెలు మిగిలాయి. వాటిమీది అక్షరాలనే ఇవాళ భట్టిప్రోలు లిపి అంటున్నాం.

ఆ ఇంజనీర్లు దుర్మార్గులని నేననను. వాళ్లకి అది ఇటుకల కుప్ప, అంతే. ఊళ్లోవాళ్లకీ అంతే కదా?

బిగ్‌హార్న్‌లో కథ వేరేగా నడిచింది. అక్కడ నడిచేవాళ్లు ఇంకా ఉన్నారు, తాడు కంచెకి మొక్కుబడి గుడ్డలు కడుతూనే ఉన్నారు. వాళ్లు పట్టుబడితే 1996లో ఆ కొండని కాపాడే ప్లాన్ వచ్చింది. దానిమీద ఒక కలప కంపెనీ కోర్టుకెళ్లి, 2004లో అప్పీల్లో కూడా ఓడిపోయింది. భట్టిప్రోలు రాళ్లు బండ్లెక్కినప్పుడు అడ్డం నిలబడటానికి ఆ దిబ్బ చుట్టూ తిరిగే మనిషే లేడు.

అందుకే పార్కులో చక్రం వేయడం తప్పా అని అడిగితే, నేను తిరిగి అడిగేది ఒకటే. గీసే ముందు ఆ చక్రం ఎవరిదో వాళ్లని పిలిచారా? పిలవకుండా వేస్తే అది బొమ్మే. ఎండకి రంగు వెలిసినా పట్టించుకునేవాడు ఉండడు.

సరే, సెలవు రోజు తెనాలిలో రేపల్లె రైలెక్కి భట్టిప్రోలులో దిగండి. స్తూపం మీ కుడిచేతి వైపు ఉండేలా ఒక చుట్టు తిరగండి. రీల్ తర్వాత తీసుకోవచ్చు.