గండికోటలో గోవిందమ్మ ఒక్కతేనా?

ఎర్రగుంట్లలో రైలు దిగి జమ్మలమడుగు మీదుగా వెళ్తే, పెన్నా లోయ అంచున, కోటగోడల లోపల చిన్న ఊరు గండికోట. ఇవాళ మారుమూల. 1652లో మాత్రం ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే మచిలీపట్నం నుంచి మద్రాసు మీదుగా ముత్యాలు పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి మరి! అతను అప్పటికే కోటను గెలిచి కూర్చున్నాడు. ఇరుకైన కొండదారి, కొలువు తీరు, ఫిరంగులు పోయడానికి గుళ్లనుంచి తెచ్చిన రాగి విగ్రహాలు అన్నీ టావెర్నియే రాసుకున్నాడు.

కోటలో పెద్ద ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి ఉంది. అందులోని గింజల్ని దంచి, చెరిగి, వండిన చేతులు ఎవరివి? స్థానిక కథల్లో మాత్రం ఒక ఆడమనిషి పేరు మిగిలింది: గోవిందమ్మ, కోటనేలిన పెమ్మసాని చినతిమ్మానాయుడి చెల్లెలు. కోట కోసం జరిగిన యుద్ధంలో తానే కత్తి పట్టి పోరాడి ప్రాణాలు విడిచిందంటారు. కథ నిజమో కాదో గానీ, కోటలోని మిగతా స్త్రీలకు అందులోనూ పేర్లు లేవు.

2020లో గండికోట జలాశయం నీళ్లు తాళ్లప్రొద్దుటూరులోకి వచ్చాయి. ఆ ఇళ్లు ఖాళీ చేసిన ఆడవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, అడిగితే చెబుతారు.