ఎవరి పది వాళ్ళవి

1952లో లండన్‌లోని 'సైట్ అండ్ సౌండ్' పత్రిక సినిమా విమర్శకులకు ఒక పని పెట్టింది. మీ దృష్టిలో అన్నిటికన్నా గొప్పవైన పది సినిమాల పేర్లు రాసి పంపమంది. 63 మంది పంపారు. ఓట్లు కూడితే మొదటి స్థానం 'బైసికిల్ థీవ్స్'కి దక్కింది. డి సికా ఆ సినిమా తీసి అప్పటికి నాలుగేళ్ళే. మూకీల కాలం నుంచి తెరను చూస్తూ వచ్చినవాళ్ళు నిన్నగాక మొన్న వచ్చిన ఒక పేదవాడి సైకిల్ కథను చాప్లిన్ కన్నా పైన కూర్చోబెట్టారు. పదేళ్ళకోసారి ఆ పత్రిక అదే ప్రశ్న వేస్తూనే ఉంది.

అయితే ఏ సినిమా అయినా ఒకరి జాబితాలోకి ఎక్కాలంటే ముందు దాని రీళ్ళ డబ్బాలు వాళ్ళ ఊరు చేరాలి. ఆ 1952లోనే మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్ళింది. 'బైసికిల్ థీవ్స్' అందులో ఉంది. బిమల్ రాయ్ దాన్ని చూసిన మరుసటేడే 'దో బీఘా జమీన్' వచ్చింది. సత్యజిత్ రాయ్ మాత్రం అంతకు రెండేళ్ళ ముందే, ఆఫీసు పని మీద లండన్ వెళ్ళి, ఉన్న కొద్ది నెలల్లో వంద దాకా సినిమాలు చూసి వచ్చారు. ఆయన క్లాసురూము ఆ హాళ్ళే.

ఇష్టాన్ని దాచుకోకుండా బల్ల మీద పెట్టిన ఘనత పారిస్‌ది. 'కాయే దు సినిమా' పత్రిక 1955 నుంచి 'పదిమంది మండలి' పేరుతో ఒక పట్టిక వేసేది. నిలువునా సినిమాలు, అడ్డంగా విమర్శకుల పేర్లు, గడుల్లో నక్షత్రాలు. అసలు ఆ ఛాయలకే పోవద్దనుకుంటే నల్లచుక్క. ఒకే సినిమాకి ఒకరి గడిలో నక్షత్రాలు, పక్కవారి గడిలో నల్లచుక్క ఉన్నా సర్ది చెప్పేవాళ్ళు లేరు. సగటు తీసి ఒక్క అంకె వేయడం కన్నా ఇది ఎంతో నిజాయితీ గల పద్ధతి. ఎవరి అభిరుచి ఎటు మొగ్గుతుందో ఆ గడులే చెప్పేస్తాయి.

1958లో బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా 26 దేశాల చలనచిత్ర చరిత్రకారులు 117 మంది ఓటేసి ఐసెన్‌స్టీన్ 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్'ని అగ్రాన నిలిపారు. ఆ పై వరస చిత్రాలను చూసి ఒకదాన్ని తేల్చమని యువ దర్శకుల జ్యూరీని కూర్చోబెడితే, వాళ్ళు ఆరు సినిమాలను ఎంచి, వాటికి వరస మాత్రం ఇవ్వలేదు. ఆ జ్యూరీలో సత్యజిత్ రాయ్ కూడా ఉన్నారు.

మన దగ్గర సినిమా చూడటం నేర్పే చదువుకు పుట్టిల్లు పుణె. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1964లో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది. దేశమంతా తిరిగి రీళ్ళు పోగుచేసిన పి.కె. నాయర్ దానికి ప్రాణం పోశారు. ఆగ్రాలో ఎకనామిక్స్ చెబుతూ ఫిల్మ్ సొసైటీ నడిపిన సతీష్ బహదూర్ 1963లో ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, ఫిల్మ్ అప్రీసియేషన్‌ని ఒక పాఠ్యాంశంగా నిలబెట్టారు. ఆయన ప్రధాన గ్రంథం సత్యజిత్ రాయ్ సినిమా 'పథేర్ పాంచాలి'. షాటు షాటుగా విప్పి చెప్పేవారు.

అలా విప్పినప్పుడు ఏమవుతుందో ఒక సన్నివేశం చాలు. ఊరి నుంచి తిరిగొచ్చిన హరిహర్ కూతురి కోసం తెచ్చిన చీర తీసి చూపిస్తాడు. దుర్గ చనిపోయిందని అతనికింకా తెలియదు. భార్య సర్వజయ ఆ చీరను పట్టుకుని కుప్పకూలి ఏడుస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఆ ఏడుపు విన్నామనే అనుకుంటారు. అదే రీలు రెండోసారి వేస్తే తెలుస్తుంది, ఆమె గొంతు అసలు వినపడదు. దాని చోట తార్ షెహనాయ్ తారస్థాయిలో మోగుతుంది. మొదటి రోజు నోటుపుస్తకంలో ఏడో అంకె వేసుకున్న సినిమా రెండో చూపుకి రెండుకో ఒకటికో ఎగబాకేది ఇలాంటి చోటే. ఆ దిద్దుబాటులోనే చదువు జరిగినట్టు.

పెద్ద జాబితాలూ ఇలాగే కదిలాయి. 1962 నుంచి 2002 దాకా 'సైట్ అండ్ సౌండ్'లో అగ్రస్థానం 'సిటిజన్ కేన్'దే. 2012లో 'వెర్టిగో' దాన్ని దించింది. 2022లో 1,600 మందికి పైగా ఓటేస్తే, శాంటాల్ అకెర్మన్ పాతికేళ్ళు నిండకముందే తీసిన 'జాన్ దీల్మన్' మొదట నిలిచింది. ఒక స్త్రీ తీసిన సినిమాకి ఆ స్థానం అదే తొలిసారి. మూడు గంటలా ఇరవై నిమిషాల ఆ చిత్రంలో ఒక గృహిణి బంగాళాదుంపల తొక్క తీయడాన్ని కెమెరా కదలకుండా చూస్తూ ఉంటుంది. పదేళ్ళ ముందు అది తొలి పాతికలో కూడా లేదు. సినిమా మారలేదు, ఓటేసేవాళ్ళు మారారు.

2022 తొలి వందలో ఉన్న భారతీయ చిత్రం 'పథేర్ పాంచాలి' ఒక్కటే, 35వ స్థానంలో. తెలుగు సినిమా ఒక్కటీ లేదు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ ప్రేక్షకులనే అడిగితే వాళ్ళు 1957 నాటి 'మాయాబజార్'కి పట్టం కట్టారు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది, చూసేవారికి ప్రియమైనదే చూపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపిస్తాడు, బలరాముడు చూస్తే దుర్యోధనుడు, కృష్ణుడు చూస్తే శకుని.