యయాతి సూదిమందు

మొన్నామధ్య ఒక చిన్ననాటి మిత్రుడు ఫోను చేశాడు. నలభైకి దగ్గరపడ్డాడు, పెళ్ళయి ఆరేళ్ళయినా సంతానం లేదు. ఒంట్లో నీరసంగా ఉంటోందంటే, జిమ్ములో ఎవరో టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకోమన్నారట. "మగతనానికి మందే కదరా, పిల్లలు పుట్టడానికీ పనికొస్తుందిగా?" అని అడిగాడు. అప్పటికే రెండు సూదులు పడ్డాయి. ఆ ప్రశ్నే నన్ను ఈ మందు చరిత్ర చదివించింది.

యయాతి తన కొడుకు పూరుని యౌవనం అడిగి పుచ్చుకున్నాడు. 1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే 72 ఏళ్ళ శాస్త్రవేత్త కుక్కల వృషణాలను, గినీ పందుల వృషణాలను నూరి తీసిన ద్రవాన్ని తానే ఎక్కించుకొని, పోయిన సత్తువ తిరిగి వచ్చిందని పండితసభలో ప్రకటించాడు. వృషణాలు ఈ హార్మోనును తయారుచేస్తాయే గాని పెద్దగా నిలవచేయవు. పైగా అది నీటిలో సరిగా కరగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే ద్రవం తయారుచేసి చూస్తే, అందులో ఉన్న హార్మోను మనిషి మీద ఏ ప్రభావమూ చూపలేనంత తక్కువ. ఆ ముసలాయనకు బలమిచ్చింది నమ్మకమే. హార్మోను లేని మందు గనుక హార్మోను చేసే కీడు కూడా లేకపోయింది.

అసలు మందు 1935లో వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి టెస్టోస్టెరాన్‌ను వేరుచేసింది. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా వేర్వేరుగా దానిని కృత్రిమంగా తయారుచేశారు. ఆ ఇద్దరికీ 1939లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు.

దాని గుణాలు వెంటనే అందరికీ తెలిశాయి. దోషాలు తెలియడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. నోటితో మింగడానికి తయారుచేసిన మిథైల్ టెస్టోస్టెరాన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని తేలింది. ఎర్రకణాలు మితిమీరి రక్తం చిక్కబడడం, మొటిమలు రావడం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముదరడం ఒక్కొక్కటిగా గమనించారు. ఒంట్లో కొంత టెస్టోస్టెరాన్ ఈస్ట్రోజన్‌గా మారుతుంది కాబట్టి, మగతనపు మందు వాడిన కొందరికి రొమ్ములు కూడా పెరిగాయి. ప్రోస్టేటు క్యాన్సర్‌ను ఈ హార్మోను ఎగదోస్తుందని 1941లో హగిన్స్ చూపించాడు.

గుండె సంగతి ఎన్నో మలుపులు తిరిగింది. 2009 చివర్లో అమెరికాలో వృద్ధుల మీద జరుగుతున్న ఒక పరీక్షను, గుండె సమస్యలు ఎక్కువగా కనబడడంతో మధ్యలోనే ఆపేశారు. 2015లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ గుండెపోటు హెచ్చరికను ముద్రించమంది. హార్మోను లోపమున్న 5,200 మందిని పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు అడ్డుపడడం కొంత ఎక్కువగా కనిపించాయి.

నా మిత్రుని ప్రశ్నకు జవాబు వీటన్నిటికంటె సూటిగా ఉంది. బయటినుంచి హార్మోను చేరగానే, ఉన్నది చాలుననుకొని మెదడులోని పీయూషగ్రంథి వృషణాలకు ఆజ్ఞలు మానేస్తుంది. శుక్రకణాల ఉత్పత్తి పడిపోతుంది, ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆగిపోతుంది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు వారం వారం ఈ సూదులిచ్చి, గర్భనిరోధకంగా పనిచేస్తుందా అని పరీక్షించింది; పనిచేసింది! యయాతి కొడుకు యౌవనాన్నే అడిగాడు. ఈ సూది పుట్టవలసిన బిడ్డనే అడుగుతుంది.

హార్మోను నిజంగా లోపించినవారికి ఇది మంచి మందే. రక్తపరీక్షలు చేయిస్తూ వైద్యుని కనుసన్నలలో వాడవలసిన మందు.

ఇదంతా చెబితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. "మరి నాకెవరూ చెప్పలేదేంరా?" అన్నాడు చివరికి. సూదులు ఆపేసి, హార్మోను వైద్యుని దగ్గరకు వెళ్ళాడు. ఆపాక చాలామందికి కొన్ని నెలల్లో శుక్రకణాలు తిరిగి వస్తాయని, కొందరికి ఇంకా ఆలస్యమవుతుందని ఆయన చెప్పారట. ఆ నెలలు లెక్కపెట్టుకుంటూ వాడున్నాడు, వాడితోపాటు నేనూ.