కుల ధ్రువపత్రం వెనక రాష్ట్రపతి ఉత్తర్వు: 341వ అధికరణం ఎవరికి ఏ అధికారం ఇచ్చింది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల – ఏ తహసీల్దార్ ఆఫీసులో తీసుకున్న ఎస్సీ ధ్రువపత్రమైనా ఒకసారి శ్రద్ధగా చదవండి. అందులో 'రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, 1950' ప్రస్తావన ఉంటుంది. ఆ ఉత్తర్వు ఇచ్చింది రాష్ట్రపతి. ఉద్యోగంలో రిజర్వేషన్, ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ, అట్రాసిటీ చట్టం కింద కేసు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు అని కొట్టిపారేసేవాళ్లూ, ప్రతి సమస్యకూ రాష్ట్రపతికి వినతిపత్రం పంపేవాళ్లూ మన ఉద్యమాల్లో ఉన్నారు. ఈ రెండూ సగం నిజాలే అని మేము అనుకుంటున్నాము.

ఒక్కసారికే పరిమితమైన అధికారం

341(1) ప్రకారం, ఒక రాష్ట్రంలో ఏ కులాలు షెడ్యూల్డ్ కులాలో ఆ రాష్ట్ర గవర్నర్‌ను సంప్రదించి రాష్ట్రపతి ప్రకటిస్తారు. బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ఉండగా 1950 ఆగస్టు 10న మొదటి ఉత్తర్వు వచ్చింది. అసలు మెలిక 341(2)లో ఉంది. ఒకసారి జాబితా ప్రకటించాక అందులో చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. రాష్ట్రపతి మరో నోటిఫికేషన్‌తో దాన్ని మార్చలేరు. రాష్ట్ర ప్రభుత్వం అసలే మార్చలేదు. కోర్టులు కూడా జాబితాను ఉన్నది ఉన్నట్టే చదవాలి. షెడ్యూల్డ్ తెగల జాబితాకు సంబంధించిన మిలింద్ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇదే చెప్పింది.

పైగా 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి కేంద్ర మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ దీన్ని తప్పనిసరి చేసింది. సలహాను ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపే వీలును 1978లో 44వ సవరణ కల్పించింది. మళ్లీ అదే సలహా వస్తే ఒప్పుకోక తప్పదు.

మూడో పేరా, కడప జిల్లా

1950 ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకే ప్రధానంగా వర్తించిన ఈ హోదాను పార్లమెంటు 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు విస్తరించింది. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉండిపోయారు.

ఇది మన జిల్లాకు దూరపు సంగతి కాదు. 19వ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ ఇక్కడ పనిచేసింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ చరిత్రకు గుర్తు. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లలో మాలలు ఎక్కువ. మతం మారినా పల్లెలో వాడ మారలేదు, వివక్ష పోలేదు. ధ్రువపత్రం మాత్రం మారింది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందికి వస్తారు. వారి రిజర్వేషన్ ఒక్క శాతం. 1977 నాటి జీవో 341 (నంబరు కలిసింది అంతే, అధికరణంతో సంబంధం లేదు) కొన్ని రాయితీలు ఇచ్చింది గానీ రాజ్యాంగ హోదా ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా. మతం మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది.

క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని శాసనసభ 2009లోనూ, 2023లోనూ తీర్మానించింది. మొదటిసారి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, రెండోసారి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి. ఇద్దరూ పులివెందుల ఎమ్మెల్యేలే. ఆ తీర్మానాలతో ఒక్క ధ్రువపత్రం కూడా మారలేదు. కారణం 341(2). అసెంబ్లీ అడగగలదు, ఇవ్వలేదు. మూడో పేరాను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసినా పార్లమెంటు ఆ చట్టం చేయలేదు.

వర్గీకరణలోనూ ఇదే ప్రశ్న

ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాష్ట్రపతి జాబితాను రాష్ట్రం ముక్కలు చేయరాదన్నది ప్రధాన వాదన. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. జాబితాలోని కులాలకు వాటా పంచడం వేరు, జాబితాను మార్చడం వేరు అన్నది. మొదటిది రాష్ట్రం చేయవచ్చు, రెండోది చేయకూడదు.

ఏ తలుపు తట్టాలి?

జాబితా మార్పు, మూడో పేరా తొలగింపు: కేంద్ర మంత్రివర్గం, పార్లమెంటు. మన ఎంపీని సభలో అడిగించాలి.

జాబితాలోపల వాటా: రాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ.

హక్కుల ఉల్లంఘన: 338వ అధికరణం కింద జాతీయ ఎస్సీ కమిషన్. ఛైర్మన్‌ను నియమించేది రాష్ట్రపతి. కమిషన్ నివేదిక రాష్ట్రపతికి వెళ్తుంది, ఆయన దాన్ని పార్లమెంటు ముందు పెట్టించాలి.

ఉరిశిక్ష: 72వ అధికరణం కింద రాష్ట్రపతి క్షమాభిక్ష. 1993 చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. శంకర్ దయాళ్ శర్మ హయాంలో క్షమాభిక్ష పిటిషన్ తిరస్కరించారు. హక్కుల సంఘాలు ఊరుకోలేదు. 1998లో కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

రాష్ట్రపతికి వినతిపత్రం పంపడం వృథా అని మేము అనడం లేదు. చిలకలూరిపేట కేసులో అది రెండు ప్రాణాలు నిలిపింది. కానీ మూడో పేరా మీద పంపే కాగితం కేంద్ర ప్రభుత్వం దగ్గరికే చేరుతుంది. కాబట్టి ఆ ప్రశ్నను ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థి ముందూ పెట్టాలి. పార్లమెంటులో ఓటు వేసేది వాళ్లే.