ఇంటి చదువు ఎంత దూరం?

పై చదువులకు విదేశమా, ఇక్కడేనా అన్న ప్రశ్న ఇప్పటిది కాదు. మన సీమలో ‘ఇక్కడే’ అన్నది కూడా చాలాకాలం దూరప్రయాణమే.

చిత్తూరు జిల్లా కట్టమంచివారైన సి.ఆర్‌.రెడ్డి గారు సర్కారు స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జిలో చదివి తిరిగొచ్చారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌ఛాన్సలర్‌ ఆయనే. విచిత్రమేమంటే, మూడేళ్లకే, 1929లో, మన దత్తమండలాల కాలేజీలు మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి పోయాయి. సీమబిడ్డ నిలబెట్టిన చదువు సీమకు అందలేదు! సీమ గడ్డమీద విశ్వవిద్యాలయం రావడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ తిరుపతిలో. అనంతపురానికి 1981లో, మన కర్నూలుకు 2008లో వచ్చాయి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ సాయం పుచ్చుకొని 1923లో హార్వర్డు చేరారు. మళ్లీ తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే పోయారు. ఆయన బృందం కృషితో వచ్చిన మెథోట్రెక్సేట్‌ నేడు మన క్యాన్సర్‌ రోగులకూ అందుతోంది. రాలేదని ఆయన్ను తప్పుపట్టడం నాకు చేతకాదు.

అయితే ఒకటి గమనించాలి. ఆ ఇద్దరి చదువుకూ వెనక స్కాలర్‌షిప్పో, దాతల సొమ్మో ఉంది. 2021 నుంచి విమానాశ్రయం మన ఓర్వకల్లులోనే ఉంది. దూరం తగ్గింది, ఖర్చు తగ్గలేదు. ‘పంపమంటావా సార్‌?’ అని తల్లిదండ్రులు వస్తే నేను మొదట అడిగేది, అప్పు ఎంత, ఏ చేను మీద అని.