నూనెలో కరిగిన మగతనం

1889 జూన్ 1న పారిస్‌లో, సొసైటీ ద బయాలజీ సమావేశంలో బ్రౌన్-సెకార్ లేచి ఓ విచిత్రమైన సంగతి చెప్పాడు. కుక్కల, గినీ పందుల వృషణాలను నలిపి, నీళ్లు కలిపి, వడగట్టి, ఆ ద్రవాన్ని తనే సూదితో ఎక్కించుకున్నాడట. వయసు 72. ఒంట్లో బలం వచ్చింది, మెట్లు దాదాపు పరుగున ఎక్కుతున్నాను, ఆఖరికి మూత్రధార కూడా ఇదివరకటికన్నా దూరం పడుతోంది అన్నాడు. వెన్నుపాము మీద గొప్ప పరిశోధన చేసిన మనిషి. అందుకే ఎవరూ నవ్వి ఊరుకోలేకపోయారు.

తమాషా ఏమిటంటే టెస్టోస్టిరాన్ నీళ్లలో దాదాపుగా కరగదు. పైగా వృషణాలు దాన్ని తయారుచేస్తాయే గానీ నిల్వ పెట్టుకోవు. అంటే ఆ పెద్దాయనకు అందింది ఉత్త నమ్మకమే. ఆయన్ని చూసి నవ్వడం తేలిక గానీ, వెతుకులాట మాత్రం సరైనదే. రక్తంలో తిరిగే పదార్థమేదో ఉందని 40 ఏళ్ల ముందే, 1849లో, గోటింగెన్‌లో బెర్టోల్డ్ చూపించాడు. వృషణాలు తీసేసిన కుర్ర పుంజులకు తలమీద జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, కొట్లాట మీద ధ్యాస లేదు. (మన పందెంరాయుళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.) తీసిన వృషణాన్ని కడుపులో అతికించిన పుంజులు మాత్రం మామూలుగానే ఎదిగాయి. నరాలు తెగిపోయినా పని జరిగిందంటే, కబురు మోసింది రక్తమే.

ఆ పదార్థం చేతికి రావడానికి 1935 దాకా పట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాములు తీసి, టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టింది. అంతకు నాలుగేళ్ల ముందు బుటెనాంట్ పోలీసుల మూత్రం వేల లీటర్లు పోగుచేసి, దీని చుట్టమైన ఆండ్రోస్టిరాన్‌ను కాస్తంత రాబట్టాడు. 1935లోనే ఆయనా, రుజిచ్కా విడివిడిగా కొలెస్టరాల్ నుంచి టెస్టోస్టిరాన్‌ను తయారుచేశారు. 1939లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. బుటెనాంట్‌ను మాత్రం నాజీ ప్రభుత్వం తీసుకోనివ్వలేదు.

ఇదంతా నేను తీరిగ్గా చదివింది కాదు. పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ అయ్యాక నా ఒంట్లో ఈ హార్మోన్ తయారవడం ఆగిపోయింది. మాత్ర ఇవ్వొచ్చుగా అన్నాను డాక్టరుగారితో. మింగితే కాలేయమే చాలావరకు కాజేస్తుందట. కాలేయానికి లొంగకుండా మార్చిన మిథైల్ టెస్టోస్టిరాన్ 1930ల నుంచే ఉంది, కానీ అది ఆ కాలేయాన్నే పాడుచేస్తుంది.

దారి చూపింది నూనె. హార్మోన్‌కు ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించి నూనెలో కరిగించి కండలోకి ఎక్కిస్తే, మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతుంది. ప్రొపియొనేట్ అయితే రెండు మూడు రోజులకోసారి పొడిపించుకోవాలి. 1950లలో వచ్చిన ఎనాంథేట్‌కు రెండు మూడు వారాలు చాలు. నేను వాడింది అదే. సూది పడ్డ మొదటి వారం ఊరేగింపు, చివరి వారం నీరసం, విసుగు. నా చిరాకుల్లో నావి ఎన్ని, సూదివి ఎన్ని అని క్యాలెండర్ చూసి లెక్కపెట్టేవాణ్ని.

అమెరికాలో 2000లో వచ్చిన జెల్‌కు ఈ ఎత్తుపల్లాలు తక్కువ. రోజూ భుజానికి రాసుకోవాలి. అయితే అది ఆరకముందే ఎత్తుకుంటే పిల్లల ఒంటికి అంటుకుంటుంది. అలా అంటి చిన్నపిల్లల్లో వయసుకు ముందే యవ్వన లక్షణాలు కనిపించాయని 2009లో అక్కడి ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టించింది. మా పాపకు మూడేళ్లు, భుజం దిగదు. జెల్ వద్దన్నాను. పది పద్నాలుగు వారాలకోసారి వేసే అన్‌డెకనోయేట్ ఇంకో దారి. తుంటిలోకి నాలుగు మిల్లీలీటర్ల నూనె, అదీ నిదానంగా.

ఈలోగా మేం రెండో బిడ్డ కావాలనుకున్నాం. మగతనానికి మారుపేరైన ఈ హార్మోన్‌ను బయటి నుంచి ఇస్తే వీర్యకణాల తయారీ అణిగిపోతుందట. కాబట్టి డాక్టరుగారు ప్రస్తుతానికి టెస్టోస్టిరాన్ పక్కన పెట్టి, వృషణాల చేతే పని చేయించే హెచ్‌సీజీ సూది రాశారు. వారానికి రెండుసార్లు. దాన్ని గర్భిణుల మూత్రం నుంచి తీస్తారు.